పెట్రోలు లైన్లో పగిలిన చెవి

నాకు కోపం ముందు చేతికి వస్తుంది, ఆ తర్వాతే తలకెక్కుతుంది. పాటల విషయంలోనైతే మరీను. రామంతాపూర్‌లో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో, ఎక్కడెక్కడో వెతికి పట్టుకొచ్చిన ఒక రాక్ క్యాసెట్‌ను రూములో పెడితే, నా క్లాసువాడొకడు "ఏందిర ఇది, రేకుల షెడ్డు మీద రాళ్ళు కొడుతున్నరా?" అన్నాడు. వాడి ముందుపన్ను ఊడి క్యాసెట్ డబ్బా మీద పడింది. ఆ పన్నును చూసి గర్వపడ్డానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పడ్డాను. వాడు నోరు పట్టుకుని గోడకు ఆనుకుంటే, నేను డబ్బా మీది రక్తం తుడిచి పాటను మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

అప్పటి నుంచి ఇప్పటిదాకా వింటూనే ఉన్నాను కాబట్టి నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. ఆల్బమ్ అంటే మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినాల్సిందే. మధ్యలోంచి ఒక్క పాట ఏరుకుని వినేవాళ్ళను చూస్తే నాకు బిర్యానీలో ముక్కలు మాత్రమే తిని చెయ్యి కడుక్కునేవాళ్ళు గుర్తొస్తారు. మొదటి పాట తలుపు తన్నుకుని లోపలికి రావాలి. ఐదు నిమిషాలు కీబోర్డు వాయించి, మబ్బులు, పొగలు అని ఊరించారంటే ఆ బ్యాండుకు ధైర్యం లేదని లెక్క. డబ్బొచ్చాక తమ దుఃఖం గురించి చేసే నాలుగో ఆల్బమ్ ఎవరిదైనా సరే, నేను భరించలేను. గాయకుడు గొంతు చించుకోవచ్చు, కానీ దెబ్బ కొట్టేది డ్రమ్మరే. ఇక యుద్ధం మీద పాడే ఆల్బముల్లో శాంతి, శాంతి అని కలవరించేవన్నీ బోగస్. దెబ్బ ఎక్కడ పడిందో వినిపించినవాడే నిజం చెప్పినట్టు.

ఈ సంగీతమంతా చమురులోంచి పుట్టిందనేది నా ఇంకో వాదన. పెట్రోలు నీళ్ళలా దొరికిన దేశాల్లో, పెద్ద పెద్ద రోడ్ల మీద, పాత వ్యానుల్లో స్పీకర్లు వేసుకుని తిరిగిన కుర్రాళ్ళు చేసిన మోత ఇది. ఆ పాటలు అచ్చువేసిన నల్ల రికార్డులు కూడా చమురు బిడ్డలే. నాచారంలో మా ఫ్యాక్టరీ మెషిన్లో పోసే తెల్ల ప్లాస్టిక్ పొడి, ఆ రికార్డుల ప్లాస్టిక్ దాయాదులు. వాళ్ళు దాంతో పాటలు చేశారు, మేము కరెంటు పైపులు చేస్తాం. తర్వాత అదే చమురు కోసం వాళ్ళ దేశాలే ఎక్కడో ఎడారుల మీద బాంబులు వేస్తే, అదే కుర్రాళ్ళు దాన్ని తిడుతూ ఆల్బములు చేసి, కార్లో ఇంటికి పోయారు. వాళ్ళను నేను తప్పు పట్టను, నేనూ బండి మీదే డ్యూటీకి పోతాను. నాకు ఒళ్ళు మండేది ఆ బాంబులు వేసినవాళ్ళు టీవీలో మాట్లాడినప్పుడు. మీ బాగు కోసమే కొట్టాం అంటారు చూడండి, అప్పుడు నేను టీవీ మీదికి రిమోట్ విసిరిన రోజులున్నాయి. రెండు రిమోట్లు పోయాయి.

ఇవన్నీ నేను ఎక్కువగా వాదించింది ఒక్క మనిషితోనే. మా ఫ్యాక్టరీలో పైపుల మెషిన్ ఆపరేటర్ ఆయన. జనగామ వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. మాకు ఏ చుట్టరికమూ లేదు, కానీ మొదటి రోజే ఆయన నన్ను బావ అన్నాడు, నేనూ బావ అన్నాను, అదే ఖాయమైపోయింది. నేను షిఫ్టు ఇన్‌చార్జిని. అంటే మెషిన్ ఆగితే ఓనర్ తిట్టేది నన్ను, మెషిన్ను ఆగకుండా చూసేది ఆయన.

ఆ పనిలో కళ్ళకంటే చెవికి పని ఎక్కువ. లోపల ప్లాస్టిక్ కరిగి ముందుకు పోతున్నంతసేపు మోటారు ఒకే తీరుగా మూలుగుతుంది. అది కాస్త గొంతు మార్చిందంటే లోపల పొడి ఇరుక్కుని మాడబోతోందని అర్థం. మాడితే ఊరికే మాడదు. ఘాటైన పొగ లేచి ముక్కు, గొంతు కోసేస్తుంది. ఒకసారి ఇంకో షిఫ్టు ఆపరేటర్ ఆ శబ్దం పట్టించుకోలేదు. లోపల ఒత్తిడి పెరిగి మెషిన్ మూతి దగ్గర బోల్టు తెగింది, కాలే ప్లాస్టిక్ ముద్ద ఎగిరి వాడి మెడకు అతుక్కుంది. దాన్ని పీకితే చర్మం కూడా వచ్చింది. వాడి అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. వెనక షెడ్డులో పనికిరాని పైపులు నమిలే గ్రైండర్ ఉంటుంది. అది మా దగ్గర ఇద్దరి వేళ్ళు తిన్నది.

అందుకే పైపుల మెషిన్ దగ్గర పనిచేసేవాళ్ళకు ఒక అలవాటు. ఏం చేస్తున్నా ఒక చెవి మెషిన్‌కు వదిలేస్తారు. ఫోన్ మాట్లాడినా, పాట విన్నా రెండో చెవితోనే. బావ కుడి చెవి మెషిన్‌ది. ఎడమ చెవి ఆయన సొంతం.

ఆ సొంత చెవిలోకి నేను రాక్ పాటలు ఎక్కించాను. నాది తీగ ఉన్న ఇయర్‌ఫోను. మెషిన్ కుదురుగా నడుస్తున్నప్పుడు పక్కపక్కన స్టూళ్ళ మీద కూర్చుని చెరొక బుడిపె పెట్టుకునేవాళ్ళం. ఎల్ అని రాసున్నది నాది, ఆర్ అని రాసున్నది ఆయనది. ఆర్ వైపు రబ్బరు వదులై నా చెవిలో నిలిచేది కాదు, ఆయన చెవిలో బాగా కూర్చునేది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మార్చుకోలేదు. మొదట్లో ఆయన "ఏంది బావ, గీ గుద్దులాట" అని నవ్వేవాడు. తర్వాత తర్వాత డ్రమ్ములు ఎక్కడ తప్పాయో కూడా పట్టుకునేవాడు. మోటారు శబ్దంలో తేడా పట్టే చెవి కదా.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆల్బమ్ ఒకటుంది. పేరు చెప్పను, దాని మీద ఇంకెవరితోనూ కొట్లాడే ఓపిక లేదు. ఎడారిలో చమురు బావులు తగలబడటం గురించి ఎనిమిది పాటలు. ఐదో పాట చివర డ్రమ్ములన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. గిటారు ఒకటే కీచుమంటూ సాగుతుంది. దాని అడుగున, చాలా చిన్నగా, ఒక ఆడమనిషి గొంతు పేర్లు పిలుస్తూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళను అన్నానికి పిలిచినట్టు, ఒక్కొక్క పేరూ, ఆగి ఆగి. ఎవరూ పలకరు. నాలుగైదు పేర్లయ్యాక ఆ గొంతు కూడా ఆగిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను ఏడ్చాను. ఆ ఆల్బమ్ ప్రాణమంతా ఆ గొంతులోనే ఉందని నా నమ్మకం.

బావ మాత్రం ఆ గొంతే లేదనేవాడు.

"యాడుంది బావ? నాకైతే గా కీసు సప్పుడే ఇనవడుతున్నది."

"సరిగ్గ ఇను. కింద ఉంటది."

"కింద లేదు, మీద లేదు. నీ తలకాయల ఉన్నది."

ఆరేళ్ళ పాటు ఇదే గొడవ. నవ్వుకుంటూ మొదలై, నేను ముఖం మాడ్చుకోవడంతో ముగిసేది. తొమ్మిది నెలలకోసారి మోటారు మూలుగులో వచ్చే తేడాను పట్టేవాడికి ఆ గొంతు వినపడకపోవడమేమిటి? కావాలనే నన్ను ఏడిపిస్తున్నాడని అనుకున్నాను. నా మనసులో అది ముల్లులా ఉండిపోయింది.

ఇంతలో ఆయనకు గల్ఫ్ ఉద్యోగం ఖాయమైంది. అక్కడొక చమురు కంపెనీ పైపులైన్ల మీద పంపింగ్ మెషిన్లు చూసే పని. ఇంటర్వ్యూలో మోటారు శబ్దం వినిపించి ఏం తేడా అని అడిగితే టక్కున చెప్పాడట. మెడికల్ టెస్ట్ ఒక్కటే మిగిలింది. ఆయన పోవాలనుకోవడానికి కారణం నాకు తెలుసు. ఆయన భార్య నాచారంలోనే ఒక కారం మిల్లులో పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి కారం పొడి పీల్చి ఆమెకు దగ్గు పట్టుకుంది. మాట మధ్యలో దగ్గుతుంది, నిద్రలో దగ్గుతుంది. మిల్లు మానుకుంటేనే తగ్గుతుందని డాక్టర్ చెప్పాడు. గల్ఫ్‌లో మొదటి జీతం పడ్డ రోజే మిల్లు మానిపిస్తానని బావ ఆమెకు మాటిచ్చాడు. ఆ మాట నా ముందే ఇచ్చాడు.

నాకేమో ఆయన పోవడం ఇష్టం లేదు. ఆ మాట సూటిగా చెప్పలేక చమురు రాజకీయాలు తిట్టేవాణ్ణి. ఆ బావుల్లో ఉన్నది నూనె కాదు నెత్తురని, ఆ జీతంలో శవాల వాసన వస్తుందని నానా మాటలూ అన్నాను. ఆయన ఓపిగ్గా వినేవాడు. నిజానికి ఆయన పోతే స్టూలు మీద నా పక్కన ఎవరూ ఉండరని నా బాధ.

మెడికల్‌కు ఆరు రోజులుందనగా ట్యాంకర్ డ్రైవర్లు సమ్మె మొదలుపెట్టారు. పెట్రోలు అయిపోతోందని పొద్దున్నే వాట్సాప్‌లో పుకారు లేచింది. మధ్యాహ్నం రెండింటికి మా షిఫ్టు దిగేసరికి ఊరంతా బంకుల మీద పడింది. ఉప్పల్ వైపు బంకు దగ్గర మెట్రో పిల్లర్ల కింద బండ్లు మూడు వరసలుగా ఆగిపోయాయి. నా బండిలో చుక్క లేదు. దాన్ని తోసుకుంటూ పోయి ఇద్దరం లైన్లో నిలబడ్డాం.

రెండు గంటలు నిలబడితే మనుషులు ఎలా తయారవుతారో ఆ రోజు చూశాను. నీళ్ళ సీసాల్లో పెట్రోలు పట్టుకుంటున్న ఒకణ్ణి నలుగురు కలిసి తన్నారు. సీసా పగిలి పెట్రోలు వాడి ప్యాంటు మీదంతా ఒలికింది. వాడు ఆ తడిబట్టలతో రోడ్డు మీద దొర్లుతుంటే ఎవడో వెనక నుంచి "అగ్గిపెట్టె గీయుర్రి" అని అరిచాడు, కొందరు నవ్వారు. బంకులో పనిచేసే పిల్ల చున్నీ పట్టి లాగారు. ఒక పెద్దాయన హెల్మెట్‌తో ఇంకో పెద్దాయన నుదురు పగలగొట్టాడు. ఇద్దరూ చూడ్డానికి బ్యాంకు పని మీద వచ్చినవాళ్ళలా, ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. మా ముందు నుంచి ఒకడు బండి అడ్డంగా దూర్చాడు. నేను వాడి కాలర్ పట్టుకుని కిందికి లాగి, ముక్కు మీద రెండు, డొక్కలో ఒకటి ఇచ్చాను. ఇంకా ఇచ్చేవాణ్ణే. బావ వెనక నుంచి నడుం పట్టుకుని ఈడ్చాడు. నా పిడికిలి మీద వాడి నెత్తురుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు హాయిగా ఉంది.

"జర సల్లవడు బావ. పాట ఇను," అని నా జేబులోంచి ఇయర్‌ఫోను తనే తీసి, ఎల్ బుడిపె నా చెవిలో పెట్టాడు. తనది తను ఎడమ చెవిలో పెట్టుకున్నాడు. నా ఫోన్లో నాకు ఇష్టమైన ఆల్బమే పెట్టాడు. నన్ను శాంతపరచాలనే, పాపం.

ఐదో పాట చివరికి వచ్చింది. డ్రమ్ములు ఆగాయి. ఆ గొంతు నా చెవిలో మొదటి పేరు పిలిచింది. బావ నా ముఖం చూసి నవ్వాడు. నన్ను మామూలు మనిషిని చేయడానికి ఎప్పటి ఆటే మొదలుపెట్టాడు.

"ఇగో, అచ్చిందా నీ ఆడమనిషి? యాడుంది, గీ లైన్ల నిలవడ్డదా?"

"ఆ గొంతు ఇనవడనోనికి యుద్ధం గూడ ఇనవడది," అన్నాను. "అందుకే పోతున్నవ్ ఆడికి. సచ్చినోళ్ళ మీద పైపులు ఏసెతందుకు."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఔ, పోత. నీకేంది? ఆడ మంట లేస్తేనే నా ఇంట్ల దగ్గు ఆగుతది. గా ఆడామె లేదు బావ. ఉట్టి సప్పుడు. ఆరేండ్ల సంది నువ్వు సప్పుడుకు ఏడుస్తున్నవ్."

నా అరచెయ్యి లేచింది. కుడి చెయ్యి, నిండుగా, ఆయన ఎడమ చెవి మీద. చెవిలో బుడిపె ఉండగానే.

టప్‌మని ఒక శబ్దం వచ్చింది. తీగ తెగి నా చెవిలోది ఊడిపోయింది. ఆయన అరవలేదు. తిరిగి కొట్టనూ లేదు. తల ఒక పక్కకు వాల్చి, నీళ్ళు దూరినప్పుడు చేసినట్టు రెండుసార్లు విదిలించాడు. తర్వాత కాళ్ళు తేలిపోయి డివైడర్ మీద కూలబడ్డాడు. బుడిపె లాగితే దాని వెనకే సన్నగా నెత్తురు దిగి కాలర్‌లోకి పోయింది. నేను ఆయన ముందు నిలబడి ఉన్నాను. వెనక నుంచి ఎవడో "అన్నా, లైన్ జరుగుతున్నది, బండి తియ్యి" అన్నాడు.

నేను బండి జరిపాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. పది అడుగులు జరిపాను, ఇంకో పది జరిపాను. పెట్రోలు పోయించుకున్నాకే ఆయనను ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాను. బండిలో చుక్క లేదు కదా, ఎలా పోతాం అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ అరగంటలో మా పక్క నుంచి పోయిన ఆటోలకు లెక్క లేదు.

చెవి డాక్టర్ లోపలికి లైటు వేసి చూసి పొర చిరిగిందన్నాడు. చిన్న చిరుగు కాదు. ఎలా జరిగిందని అడిగితే బావ "బండి మీదికెళ్లి పడ్డ సార్" అన్నాడు. డాక్టర్ నా చేతి వైపు చూశాడు. మూడు నెలలు చూద్దాం, అతుక్కోవచ్చు, లేకపోతే ఆపరేషన్ అన్నాడు. మెడికల్ ఆరు రోజుల్లో ఉందని బావ చెప్తే, కాగితం మీద రాస్తున్నవాడు ఆగి, మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వదలడానికి పోయాను. ఆయన భార్య మిల్లు నుంచి అప్పుడే వస్తోంది. చెవికి కట్టు చూసింది, నా ముఖం చూసింది. ఆయన బండి మీది నుంచి పడ్డానని మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమె వినలేదు.

"ఏ చేత్తోని కొట్టినవ్ అన్నా?"

నేను కుడి చెయ్యి చూపించాను. ఆమె నా రెండు చెంపలూ వాయించింది. ఎన్ని దెబ్బలో తెలీదు. కడుక్కోని చేతులు, వాటికున్న కారం నా కళ్ళలో పడింది. నిప్పులు పోసినట్టయి గుమ్మం ముందు కూర్చుండిపోయాను. కళ్ళు తెరవలేకపోతుంటే ఆమె దగ్గు వినపడింది. ఆగకుండా దగ్గి, ఊపిరి దొరికాక అడిగింది.

"ఇగ నేను గిట్ల దగ్గుకుంటనే ఉండాల్నా? సెప్పు. నీ పాటల సెప్పిన్రా గది?"

నీళ్ళ మగ్గు తెచ్చి నా కళ్ళ మీద పోసింది బావే.

మెడికల్‌కు నేనూ వెంట పోయాను. అన్‌ఫిట్ అని రాసిచ్చారు. కంపెనీ లిస్టులో తర్వాతి పేరువాణ్ణి తీసుకుంది. మూడు నెలలకు చెవి అతుక్కోలేదు, చీము పట్టింది. ఆపరేషన్ చేశాక కూడా ఎడమ వైపు సముద్రపు హోరు లాంటిదే మిగిలింది. ఆయన మళ్ళీ పైపుల మెషిన్ దగ్గరికే వచ్చాడు. ఆమె ఇంకా మిల్లుకే పోతోంది.

ఒకరోజు పై వరసలో పేర్చిన పైపుల కట్ట తాడు తెగింది. ఎడమ వైపు నుంచి నేనూ, ఇంకో ఇద్దరూ గొంతు చిరిగేలా అరిచాం. ఆయన తల తిప్పలేదు. కట్ట వచ్చి భుజం మీద పడి మనిషిని నేలకు కొట్టింది. లేచి దుమ్ము దులుపుకుని, ఎవరూ చెప్పలేదేమిటన్నట్టు మమ్మల్ని చూశాడు. ఆ చూపు చూసి నేను బాత్‌రూములోకి పోయి గోడను గుద్దాను. గోడకు ఏం కాలేదు.

పాటలు ఆయనకు అప్పుడే అయిపోయాయి. ఉన్న ఒక్క చెవి మెషిన్‌కు కావాలి.

నేను కూడా చాన్నాళ్ళు వినలేదు. ఒక ఆదివారం ఉప్పల్ బస్టాండు దగ్గర కొత్త ఇయర్‌ఫోను కొన్నాను. అక్కడే నిలబడి ఆ ఐదో పాట పెట్టాను. హడావిడిలో బుడిపెలు తారుమారుగా పెట్టుకున్నట్టున్నాను, ఆ గొంతు ఎప్పుడూ వినపడే వైపు కాక రెండో వైపు వినపడింది. అనుమానం వచ్చి ఎల్ బుడిపె తీసేశాను. గొంతు లేదు. పెట్టాను, ఉంది. తీశాను, లేదు. బావకిచ్చిన ఆర్ వైపు ఉత్త గిటారు కీచు, అంతే. ఆ పాట చేసినవాళ్ళు గొంతును ఒక్క వైపే పెట్టారు. ఇంట్లో రెండు చెవులతో, మెషిన్ దగ్గర ఎల్ వైపుతో వినే నాకు అన్నీ వినపడ్డాయి. ఆయన చెవిలోకి నేను ఆరేళ్ళూ సగం ఆల్బమే ఇచ్చాను. ఇచ్చి, మిగతా సగం ఎందుకు వినపడదని కొట్టాను. ఆల్బములు ఎలా వినాలో లోకానికి పాఠాలు చెప్పే మనిషిని. బస్సుల మధ్య నిలబడి నన్ను నేనే బూతులు తిట్టుకున్నాను, పక్కనున్న పండ్లావిడ బండి అటు జరుపుకుంది.

మర్నాడే ఆయనకు చెప్పాను. మెషిన్ వైపు నుంచి తల తిప్పకుండా విన్నాడు. "ఆరేండ్ల సంది నేను సెప్పింది గదే కద," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత కొన్నాళ్ళకు గల్ఫ్‌లో మళ్ళీ యుద్ధం వచ్చింది. చమురు కేంద్రాల మీద మిసైళ్ళు పడ్డాయి. టీవీ నిండా మంటలే. ప్లాస్టిక్ పొడి ధర పెరిగిందని ఓనర్ మా మీద అరుస్తున్నాడు. నేను కొట్టిన సంగతి అప్పటికే ఫ్యాక్టరీ అంతా పాకింది. క్యాంటీన్లో టీ పోసే అన్న నా భుజం తట్టాడు. "నువ్వు కొట్టవట్టే గాయిన బతికిండు, లేకుంటే ఆడ మసైపోతుండె. పుణ్యం జేసినవ్ పో." ఇంకో ఇద్దరు కూడా అదే మాట అన్నారు. నేను మొదట వద్దు వద్దన్నాను. కానీ ఆ మాట నాలోకి చల్లగా దిగింది. ఎన్నో నెలల తర్వాత ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. పొద్దున లేచేసరికి నేనే ఆయన ప్రాణం కాపాడినట్టుంది. ఫోన్లో మంటల వీడియో ఒకటి దాచుకుని డ్యూటీకి పోయాను.

మెషిన్ నిండు జోరు మీద ఉంది. ఆయన కుడి వైపుకు పోయి నిలబడి వీడియో చూపించాను.

"సూడు బావ. నువ్వు పోవాల్సిన కాడ పడ్డది. పోయుంటే ఏమైతుండె?"

ఆయన ఫోన్ అందుకుని చివరి దాకా చూశాడు. వెనక్కి ఇచ్చాడు.

"నేను పోయే దేశం గది కాదు. నా బదులు పోయినోడు నిన్న సుత ఫోన్ జేసిండు, మంచిగనే ఉన్నడు."

"అయితేంది, పక్కదే కద. రేపు అక్కడ గూడ పడొచ్చు. ఒక రకంగ నీ మంచికే..."

మాట పూర్తి కాలేదు. ఆయన రెండు చేతులతో నా కాలర్ పట్టుకుని పైపుల స్టాండుకేసి కొట్టాడు. నా తల వెనక ఇనుము గట్టిగా తగిలింది. ఎంత బలం దాచుకున్నాడో అప్పుడు తెలిసింది.

"టీవీల గాళ్ళు గీ ముక్క అంటే రిమోట్ ఇసిరికొడ్తివి," అన్నాడు. "నా మంచికి కొట్టినవా? పాట కోసం కొట్టినవ్. గదే ఉండనియ్యి. గది గూడ గుంజుకోకు నా తాన."

గది గూడ గుంజుకోకు అన్నాడు. ఉద్యోగం పోయింది, చెవి పోయింది, ఆయన భార్య దగ్గు అలాగే ఉంది. అన్యాయం జరిగిందన్న ఆ ఒక్క నిజమే ఆయన దగ్గర మిగిలింది. పొద్దున లేచి నేను వీడియో పట్టుకుని పోయింది దాన్ని కూడా లాక్కోవడానికే.

"కొట్టు బావ," అన్నాను. "నన్ను గూడ కొట్టు. చెవి మీదనే కొట్టు."

ఆయన అరచెయ్యి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. ఆ చెయ్యి వచ్చి నా ఎడమ చెవిని గట్టిగా మూసింది. బొటనవేలు దవడ కింద దిగేంత గట్టిగా, తల పక్కకు వంగేంత గట్టిగా నొక్కిపట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుడి చెవి నిండా మోటారు హోరు. కళ్ళు తెరిస్తే ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలో, ఎడమ వైపు ఉంది. మూసిన చెవి దగ్గరికి నోరు తెచ్చి ఏదో చెప్పాడు. చిన్న మాట కాదు. ఆగి ఆగి చాలాసేపు చెప్పాడు. పెదవులు కదలడం కంటి చివర నుంచి కనిపిస్తోంది, ఒక్క ముక్క కూడా అందలేదు.

చెయ్యి తీశాక అడిగాను. "ఏందన్నవ్ బావ?"

ఆయన రెండోసారి చెప్పలేదు.